ఎనిమిది బిట్ల రోల్ ప్లేయింగ్ గేములు: ఏ ఓపిక ఉన్నవారికి ఏ ఆట?

ఎనిమిది బిట్ల యంత్రాల కాలంలో, అంటే పాత టీవీ గేముల కాలంలో, వచ్చిన రోల్ ప్లేయింగ్ గేముల్లో (ఒక పాత్రగా కథలో తిరుగుతూ, పోరాడుతూ బలపడే ఆటల్లో) ఏది గొప్పదని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో పేరు చెబుతారు, ఎవరి మాటనూ కొట్టిపారేయలేం. అయితే ఇవాళ కొత్తగా ఒకటి మొదలుపెట్టాలనుకునేవారికి, ఎప్పుడో సగంలో వదిలేసినదాన్ని మళ్ళీ చేతిలోకి తీసుకోవాలనుకునేవారికి ఆ జవాబు వల్ల పెద్దగా ప్రయోజనం ఉండదు. ఈ ఆటలన్నీ ఆడేవారి చేత గట్టిగా పని చేయిస్తాయి, ఆ పని ఒక్కో ఆటలో ఒక్కో రకంగా ఉంటుంది. ఒకటి అదే మైదానంలో అవే శత్రువులతో గంటల తరబడి పోరాడమంటుంది, ఇంకొకటి గుహల పటాన్ని కాగితం మీద గీసుకోమంటుంది, మరొకటి దారి చెప్పకుండా మనల్ని ఊళ్ళ మీద వదిలేస్తుంది. ఏ పని చేస్తున్నప్పుడు తమకు విసుగు పుట్టదో చూసుకుని, దాన్నిబట్టి ఆటను ఎంచుకోవాలని నా గట్టి అభిప్రాయం. కథ, బొమ్మలు, సంగీతం ఆ తరువాత చూసుకోవచ్చు. చేసే పని మీదే విసుగు పుట్టినవారు ఆ కథ ముగింపు దాకా వెళ్ళరు.

మన ప్రాంతంలో ఈ ఆటలకు ఒక ప్రత్యేకమైన పరిస్థితి ఉంది. 1990లలో ఆంధ్ర, తెలంగాణ పట్టణాల్లో అమ్మిన ‘టీవీ గేములు’ చాలావరకు నింటెండో వారి ఫామికామ్ యంత్రానికి నకళ్ళు. వాటితో వచ్చిన క్యాసెట్లలో మారియో, కాంట్రా, ట్యాంకుల ఆట, బాతులను కాల్చే ఆట ఉండేవి కానీ, రోల్ ప్లేయింగ్ గేములు దాదాపు కనిపించేవి కావు. దానికి కారణం సాంకేతికమైనదే. మొదటి సూపర్ మారియో మొత్తం 40 కిలోబైట్లలో ఇమిడిపోతే, మొదటి ఫైనల్ ఫాంటసీకి 256 కిలోబైట్లు కావాలి, ఆట ఎక్కడిదాకా వచ్చిందో గుర్తుంచుకోవడానికి క్యాసెట్ లోపల ఒక బ్యాటరీ కూడా కావాలి. ఒకే క్యాసెట్‌లో వీలైనన్ని ఆటలు కుక్కి చవకగా అమ్మేవారికి ఇది గిట్టుబాటయ్యే వ్యవహారం కాదు. పైగా పేజీల కొద్దీ సంభాషణలు జపనీస్‌లోనో ఇంగ్లీషులోనో ఉండేవి. అందువల్ల ఆ యంత్రం మీద మమకారం ఉన్న మనవాళ్ళలో చాలామందికి, అదే యంత్రం మీద వచ్చిన ఈ రెండో ప్రపంచం ఇప్పటికీ కొత్తగానే ఉంటుంది. ఈ వ్యాసం ముఖ్యంగా వారిని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను.

ఒంటరి వీరుడా, నలుగురి జట్టా?

మొదట తేల్చుకోవలసింది డ్రాగన్ క్వెస్ట్, ఫైనల్ ఫాంటసీ ఈ రెండింటి మధ్య. మొదటిది 1986 మే 27న ఎనిక్స్ సంస్థ నుంచి, రెండవది 1987 డిసెంబరు 18న స్క్వేర్ సంస్థ నుంచి జపాన్‌లో ఫామికామ్ మీద విడుదలయ్యాయి. డ్రాగన్ క్వెస్ట్‌కు రూపకర్త యూజీ హోరీ. బొమ్మలు అకిరా తోరియామా వేయగా, సంగీతం కోయిచి సుగియామా సమకూర్చారు. ఈ ఆట 1989లో డ్రాగన్ వారియర్ అన్న పేరుతో అమెరికాకు వెళ్ళింది. అక్కడ నింటెండో పవర్ పత్రిక చందాదారులకు దీన్ని ఉచితంగా పంచిపెట్టడంతో, ఈ తరహా ఆటలంటే ఏమిటో తెలియని వేల ఇళ్ళలోకి అది చేరింది. అక్కడ పెరిగిన నలభై ఏళ్ళ వయసువారి జ్ఞాపకాల్లో ఈ ఆటకు అంత చోటు ఉండటానికి ఆ పంపిణీ కూడా ఒక ముఖ్య కారణం.

డ్రాగన్ క్వెస్ట్‌లో మీరు ఒక్కరే. జట్టు లేదు, ఎదురయ్యే శత్రువు కూడా ఒక్కసారికి ఒక్కడే. ఆట మొదలవగానే రాజుగారి గదిలోని పెట్టెల్లో 120 బంగారు నాణేలు, ఒక కాగడా, ఒక తాళంచెవి దొరుకుతాయి. పక్క ఊరి దుకాణానికి వెళ్తే వెదురు కర్ర 10, గద 60, రాగి కత్తి 180, మామూలు బట్టలు 20, తోలు కవచం 70 నాణేలు. రాగి కత్తికి డబ్బు చాలదు. గద, తోలు కవచం రెండూ కొందామన్నా 130 అవుతుంది, పది నాణేలు తక్కువ. గద, బట్టలు కొని మిగిలిన డబ్బుతో గాయాలకు ఒక మూలిక కొనాలా, లేక కవచం, వెదురు కర్ర తీసుకుని కొంత దాచుకోవాలా అని ఆలోచించవలసి వస్తుంది. ఇంత చిన్న లెక్కలోనే ఈ ఆట స్వభావమంతా ఉంది. కోట బయట స్లైమ్ అనే చిన్న జంతువును చంపితే ఒక్క అనుభవ పాయింటు వస్తుంది. ఈ పాయింట్లు కూడితే వీరుడు ఒక లెవెల్, అంటే బలంలో ఒక మెట్టు, పైకి వెళ్తాడు, రెండో లెవెల్‌కు ఏడు పాయింట్లు కావాలి. వంతెన దాటితే శత్రువులు బలపడతారు, ఆ సంగతి ఎవరూ హెచ్చరించరు, దాటినవారికే తెలుస్తుంది. చివరి శత్రువైన డ్రాగన్‌లార్డ్ కోట మాత్రం మొదటి నిమిషంలోనే, నీటికి అవతలి ఒడ్డున, కళ్ళెదుటే కనిపిస్తుంది. అక్కడికి చేరడానికి ప్రపంచమంతా చుట్టిరావాలి. ఇంత సూటిగా గమ్యాన్ని చూపించి, ఇంత దూరం నడిపించిన ఆట నాకు తెలిసి ఆ కాలంలో మరొకటి లేదు.

ఇందులో చేయవలసిన పని ఒక్కటే, బలం పెరిగేదాకా మళ్ళీ మళ్ళీ పోరాడటం. వ్యూహం తక్కువ, ఓర్పు ఎక్కువ. కానీ ఓడిపోయినవారిపట్ల ఈ ఆట చూపించే దయ మరో ఎనిమిది బిట్ల ఆటలో అరుదు. చనిపోతే రాజుగారి ముందు లేస్తారు, చేతిలోని బంగారంలో సగం పోతుంది, సంపాదించిన అనుభవం మాత్రం ఒక్క పాయింటు కూడా తగ్గదు. అంటే ఓడిన గంట కూడా వృథా కాదు. రాత్రి భోజనం తరువాత అరగంట ఆడి పక్కన పెట్టేవారికి, ఈ రకం ఆటలు ఎప్పుడూ ఆడని పదేళ్ళ పిల్లలకు నేను మొదట ఇచ్చేది దీన్నే. పాత రూపంలో మెట్లు దిగాలన్నా మెనూ తెరిచి ‘మెట్లు’ అనే ఆదేశం ఎంచుకోవాలి, తలుపు తెరవాలన్నా అంతే. ఆ ఇబ్బందికి రెండు రోజుల్లో చేయి అలవాటు పడుతుంది. మొత్తం ఆట పది పన్నెండు గంటల్లో పూర్తవుతుంది కాబట్టి, పని చేసుకునేవారు కూడా చివరిదాకా చూడగలరన్న ధైర్యం ఉంటుంది.

ఫైనల్ ఫాంటసీ వేరే మనస్తత్వం. హిరోనోబు సకాగుచి నాయకత్వంలో, యోషితాకా అమానో చిత్రాలతో, నొబువో ఉయెమత్సు సంగీతంతో వచ్చిన ఈ ఆట మొదటి తెరలోనే ఒక పెద్ద నిర్ణయాన్ని మన చేతిలో పెడుతుంది. యోధుడు, దొంగ, బ్లాక్ బెల్ట్, తెల్ల మాంత్రికుడు, నల్ల మాంత్రికుడు, ఎర్ర మాంత్రికుడు అనే ఆరు రకాల నుంచి నలుగురిని ఎంచుకోవాలి, ఆ తరువాత ఆట ముగిసేదాకా వారిని మార్చడం కుదరదు. కొత్తవారికి ఇద్దరు పోరాడేవారు, ఒక తెల్ల మాంత్రికుడు, ఒక నల్ల లేదా ఎర్ర మాంత్రికుడు ఉన్న జట్టు సురక్షితం. దొంగను తీసుకోవద్దని స్పష్టంగా చెబుతాను, ఎందుకంటే ఈ మొదటి భాగంలో అతనికి దొంగిలించే శక్తే లేదు, పోరాటంలోనూ సగం ఆట దాకా వెనకబడి ఉంటాడు. బ్లాక్ బెల్ట్‌కు మొదట్లో ఆయుధం కావాలి కానీ, లెవెళ్ళు పెరిగేకొద్దీ వట్టి చేతులతోనే అందరికన్నా గట్టిగా కొడతాడు, అతని మీద డబ్బు ఖర్చు కూడా ఉండదు.

ఇక్కడి పని లెక్క, సరంజామా. పాత రూపంలో ఇద్దరిని ఒకే శత్రువు మీదికి పంపితే, మొదటివాడి దెబ్బకే ఆ శత్రువు పడిపోతే రెండోవాడి దెబ్బ ఖాళీ గాలిలోకి పోతుంది, పక్కనున్న శత్రువు మీదికి దానంతటది మళ్ళదు. కాబట్టి ప్రతి వంతులోనూ ఎవరు ఎవరిని కొడితే సరిపోతుందో ముందే అంచనా వేయాలి. మంత్రాలకు సాధారణంగా ఉండే శక్తి పట్టీ ఉండదు. ప్రతి మెట్టు మంత్రాలను ఇన్నిసార్లే వాడాలని లెక్క ఉంటుంది, అయిపోతే విశ్రాంతి తీసుకునేదాకా రావు. ఎల్ఫ్‌ల ఊరి నుంచి చిత్తడి గుహకు బయలుదేరేముందు చేసే ఏర్పాట్లు చూస్తే ఈ ఆట మీకు నచ్చుతుందో లేదో తేలిపోతుంది. గాయాల మందు 60 నాణేలు, విషానికి విరుగుడు 75, డేరా 75. పాత క్యాసెట్‌లో మందును ఒక్కొక్కటిగానే కొనాలి, యాభై మందులు కావాలంటే యాభైసార్లు బటన్ నొక్కాలి. ఆ తరువాత లోపల చీకటి గదుల మధ్య తిరిగి, విషం ఎక్కినవారికి విరుగుడు ఇస్తూ, కిరీటం ఉన్న పెట్టెను కాపలా కాసే మాంత్రికులతో పోరాడి, అలాగే నడిచి బయటకు రావాలి. గుహలో సేవ్ చేసుకునే వీలు లేదు. నలుగురూ పడిపోతే చివరి సేవ్ నుంచి మళ్ళీ మొదలు, దొరికిన అనుభవం, వస్తువులు అన్నీ పోతాయి. డ్రాగన్ క్వెస్ట్‌లో ఓటమి సగం బంగారంతో సరిపెట్టుకుంటుంది, ఇక్కడ మాత్రం గంట సమయాన్ని పూర్తిగా తీసుకుపోతుంది.

అయినా ఈ ఆటను నేను ఎందుకు సిఫారసు చేస్తానంటే, సిద్ధపడి వెళ్ళి గెలిచి తిరిగి వచ్చిన అనుభూతిని ఇంత బలంగా ఇచ్చిన మరో ఆట ఆ యంత్రం మీద నేను చూడలేదు. మొదటి రాకుమారిని విడిపించగానే రాజు వంతెన కట్టిస్తాడు, దాన్ని దాటుతుంటే అప్పుడు గానీ ప్రారంభ గీతం, ఆట పరిచయ వాక్యాలు తెర మీదికి రావు. అప్పటిదాకా ఆడినది ఉపోద్ఘాతమేనని అక్కడ అర్థమవుతుంది, ఆ క్షణంలో ప్రపంచం ఒక్కసారిగా పెద్దదవుతుంది. దీని ప్రోగ్రామింగ్ చేసిన నాసిర్ గెబెల్లి ఇరాన్ మూలాలున్న అమెరికన్. ఓడ మీద ఉన్నప్పుడు ఒక బటన్ నొక్కిపట్టి రెండోదాన్ని యాభై అయిదు సార్లు నొక్కితే అంకెల పలకలు జరిపే చిన్న పజిల్ తెరుచుకుంటుంది, అది ఆయన దాచిపెట్టినదే.

పోరాటానికి ముందు సంచి సర్దుకోవడం, పథకం వేసుకోవడం మీకు ఇష్టమైతే ఫైనల్ ఫాంటసీ తీసుకోండి. తలలో లెక్కలు లేకుండా నెమ్మదిగా బలపడటం ఇష్టమైతే డ్రాగన్ క్వెస్ట్ తీసుకోండి. రెండింటిలో ఒక్కటే ఆడే సమయముంటే, మొదటిసారి ఆడేవారికి డ్రాగన్ క్వెస్టే మేలని నా సలహా.

మిరియాల కోసం బహరతా దాకా

ఈ రెండింటినీ కాదని, మొత్తం ఎనిమిది బిట్ల కాలంలో ఒక్కటే ఆట ఎంచుకోమంటే నేను 1988 ఫిబ్రవరి 10న వచ్చిన డ్రాగన్ క్వెస్ట్ మూడవ భాగాన్ని ఎంచుకుంటాను. ఇందులో జట్టు ఉంది, దాన్ని మీరే తయారు చేసుకుంటారు, కానీ ఫైనల్ ఫాంటసీలాగా మొదటి నిర్ణయం మెడకు చుట్టుకోదు. సత్రంలాంటి ఒక చోట సైనికులు, మల్లులు, మాంత్రికులు, యాత్రికులు, వ్యాపారులు, చివరికి పనికిరాని విదూషకులను కూడా నమోదు చేయించుకుని, ఎప్పుడు కావాలంటే అప్పుడు మార్చుకోవచ్చు. ఇరవయ్యో లెవెల్ చేరాక ధర్మ అనే ఆలయానికి వెళ్ళి వృత్తి మార్చుకోవచ్చు. అప్పుడు ఆ వ్యక్తి మొదటి లెవెల్‌కు దిగిపోతాడు, బలం సగమవుతుంది, నేర్చిన మంత్రాలు మాత్రం అలాగే ఉంటాయి. అన్నిటికన్నా శక్తిమంతమైన ‘సేజ్’ వృత్తికి ఒక అరుదైన గ్రంథం అవసరం. దానితో పనిలేకుండా నేరుగా ఆ వృత్తిలోకి వెళ్ళగలిగేది ఒక్క విదూషకుడే. ఇరవై లెవెళ్ళ పాటు పోరాటం మధ్యలో చెప్పిన మాట వినకుండా వేళాకోళం చేసినవాడిని ఓపిగ్గా భరించినవారికి ఆట ఇచ్చే బహుమతి ఇది.

తెలుగు పాఠకులకు ఆసక్తి కలిగించే సంగతి మరొకటి ఉంది. ఈ ఆట ప్రపంచ పటం మన భూగోళాన్ని పోలి ఉంటుంది. ఇటలీ ఉండవలసిన చోట రోమలీ, ఈజిప్టు చోట ఐసిస్, జపాన్ చోట జిపాంగ్, పోర్చుగల్ చోట పోర్టోగా, భారతదేశం ఉండవలసిన చోట బహరతా అనే ఊరు ఉన్నాయి. పోర్టోగా రాజుకు నల్ల మిరియాలు కావాలి. అవి దొరికేది బహరతాలోనే. తూర్పు వైపు సొరంగ మార్గంలో వెళ్ళి, దొంగల చేతిలో చిక్కిన ఒక యువ జంటను విడిపించి, వారి దుకాణం నుంచి మిరియాలు తీసుకువెళ్ళి ఇస్తే రాజు ఓడ ఇస్తాడు, అక్కడినుంచి సముద్రమంతా మనది. సుగంధ ద్రవ్యాల కోసం పోర్చుగీసువారు సముద్రం దాటిన చరిత్రను జపాన్ రూపకర్తలు ఒక చిన్న ప్రయాణంగా మలిచిన తీరు నాకు ఎంతో ఇష్టం. ఉత్తర అమెరికాను పోలిన ఖండం మీద ఒక ముసలాయన ఖాళీ నేలలో ఊరు కట్టాలనుకుంటూ ఉంటాడు. జట్టులోని వ్యాపారి ఒకరిని అతని దగ్గర వదిలిపెడితే, మీరు తిరిగి వచ్చిన ప్రతిసారీ ఆ ఊరు కొంచెం కొంచెంగా పెరుగుతూ కనిపిస్తుంది. పగలూ రాత్రీ మారుతుంటాయి, రాత్రి దుకాణాలు మూసేస్తారు, పగలు చెప్పని మాటలు కొందరు రాత్రి చెబుతారు.

ఇందులో చేయవలసిన పని తిరగడం, వినడం, ప్రయోగాలు చేయడం. దారి ఒక దశ దాటాక చాలా స్వేచ్ఛగా ఉంటుంది, అందుకని కథ చేయి పట్టుకుని నడిపించాలని కోరుకునేవారికి మధ్యలో కొంత అయోమయం కలగవచ్చు. మూడవ భాగం ముగింపు పూర్తిగా మనసుకు ఎక్కాలంటే మొదటి భాగం ముందే ఆడి ఉండాలి. కారణం చెబితే ఆ ముగింపు పాడవుతుంది కాబట్టి వరుస మాత్రమే చెబుతున్నాను. రెండవ భాగాన్ని మధ్యలో ఆడటం తప్పనిసరి కాదు. దాని చివరి గుహ, ఆ తరువాతి మంచు ప్రాంతం ఎంత ఓపికమంతులనైనా పరీక్షిస్తాయి, కాబట్టి పట్టుదల ఉన్నవారికే దాన్ని వదిలేస్తాను.

కథ కోరుకునేవారికి 1990 నాటి నాలుగవ భాగం మేలు. అయిదు అధ్యాయాల్లో మొదటి నాలుగూ వేర్వేరు వ్యక్తులవి, అయిదవ దానిలో అందరూ కలుస్తారు. మూడవ అధ్యాయంలో నాయకుడు టోర్నెకో అనే బొద్దు వ్యాపారి. ఇంకొకరి ఆయుధాల దుకాణంలో కొలువు చేస్తూ, బల్ల వెనక నిలబడి వచ్చినవారికి కత్తులు అమ్మి, రోజు చివర జీతం తీసుకుని ఇంటికి వెళ్తాడు. ప్రతి ఆటలోనూ మనం బల్లకు ఇవతల నిలబడి కొనేవాళ్ళమే, ఇక్కడ మాత్రం అవతలి వైపు జీవితం చూస్తాం. దీని లోపం కూడా చెప్పాలి. పాత రూపంలో అయిదవ అధ్యాయం వచ్చేసరికి తోటివారికి నేరుగా ఆదేశాలివ్వడం కుదరదు, స్థూలంగా పద్ధతి చెప్పాలి, మిగతాది వారి ఇష్టం. ప్రతి దెబ్బనూ తామే నిర్ణయించాలనుకునేవారికి ఇది మింగుడుపడదు.

పెన్సిలు పట్టేవారికి, ఊరికే తిరిగేవారికి

నింటెండో నుంచి పక్కకు జరిగితే సెగా వారి మాస్టర్ సిస్టమ్ మీద 1987 డిసెంబరు 20న వచ్చిన ఫాంటసీ స్టార్ ఉంది. సాంకేతికంగా చూస్తే ఈ వ్యాసంలోని పాత ఆటలన్నిటిలోకీ ఎక్కువ ఆశ్చర్యపరిచేది ఇదే. 512 కిలోబైట్ల క్యాసెట్, నడుస్తుంటే గోడలు నిజంగా ముందుకు కదిలివస్తున్నట్టు కనిపించే గుహలు, పోరాటంలో చేతులూ కాళ్ళూ కదిపే శత్రువులు, మూడు గ్రహాలు. రియెకో కొడామా బొమ్మల రూపకల్పనలోనూ, యూజీ నాకా ప్రోగ్రామింగ్‌లోనూ పాలుపంచుకున్నారు. కథానాయిక ఆలిస్ అనే యువతి. పాలకుడైన లాసిక్ మనుషులు అన్నను చంపితే, ఆ పగ తీర్చుకోవడానికి కత్తి పడుతుంది. రాకుమార్తెలను విడిపించడమే కథ అయిన రోజుల్లో ఒక స్త్రీని ఇంత గౌరవంగా మధ్యలో నిలిపిన ఆట ఇది.

దీనికి కావలసిన ఓపిక గ్రాఫ్ కాగితం మీద పెన్సిలుతో గీసే ఓపిక. గుహలన్నీ లోపల నిలబడి చూసే దృశ్యంలోనే కనిపిస్తాయి, గోడలన్నీ ఒకేలా ఉంటాయి, నేలలో గోతులు ఉంటాయి, వాటిలో పడితే కింది అంతస్తులో తేలుతారు. ఒక్క మలుపు లెక్క తప్పినా ఎక్కడున్నామో తెలియదు. గీసిన పటం పూర్తవుతున్నకొద్దీ కలిగే సంతృప్తి కొందరికి ఆటకన్నా విలువైనది. పెన్సిలు పట్టడమే ఇష్టం లేనివారు పాత రూపం జోలికి వెళ్ళకూడదు. పోరాటంలో ఏ శత్రువును కొట్టాలో ఎంచుకునే వీలు కూడా లేదు. ముందుకు వెళ్ళే దారులు గొలుసుకట్టుగా ఉంటాయి. లాకోనియా లోహపు పాత్ర ఒకటి సంపాదించి, దాన్ని వేరే గ్రహంలోని వ్యాపారికి ఇస్తే మ్యావ్ అనే పిల్లి దొరుకుతుంది, ఆ పిల్లితోపాటు వచ్చే మందుతో రాయిగా మారిన ఓడిన్ అనే యోధుడిని బతికించాలి. ఊళ్ళో వాళ్ళ మాటలు రాసిపెట్టుకోకపోతే ఈ గొలుసు తెగిపోతుంది.

దీనికి పూర్తి భిన్నమైనది 1989 జులైలో వచ్చిన మదర్. ప్రకటనల రచయితగా పేరున్న షిగెసాతో ఇతోయ్ దీని సృష్టికర్త. ఇది కోటలు, కత్తులతో మొదలవదు, మామూలు అమెరికన్ పట్టణం ఉంటుంది, బేస్‌బాల్ బ్యాటు పట్టుకున్న పిల్లవాడు ఉంటాడు. మొదటి పోరాటం అతని గదిలోని బల్లదీపంతో. అది హఠాత్తుగా లేచి మీదికి వస్తుంది. తరువాత చెల్లెలి గదిలో ఒక బొమ్మ తిరగబడుతుంది, దాన్ని శాంతింపజేసి పరిశీలిస్తే లోపల ఒక రాగం వినిపిస్తుంది, అలాంటి ఎనిమిది రాగాలను పోగు చేయడమే కథ. ఆట సేవ్ చేయాలంటే నాన్నకు ఫోన్ చేయాలి, గెలిచినదానికి తగ్గట్టు ఆయన బ్యాంకులో డబ్బు వేస్తాడు, దాన్ని దుకాణంలోని యంత్రం నుంచి తీసుకోవాలి. కీయిచి సుజుకి, హిరోకజు తనకా సంగీతం ఆ యంత్రం మీద నేను విన్న వాటిలో అత్యంత మధురమైనది. అయితే శత్రువులు అడుగడుగునా తగులుతారు, తరువాత ఎక్కడికి వెళ్ళాలో స్పష్టంగా చెప్పేవారు ఉండరు, చివరి కొండ మీద కష్టం అమాంతం పెరిగిపోతుంది. తోవ తప్పడం కూడా ప్రయాణంలో భాగమే అనుకోగలిగినవారికే దీన్ని ఇవ్వండి. దీని ఇంగ్లీషు అనువాదం 1990 ప్రాంతంలోనే సిద్ధమైనా, అధికారికంగా ఎర్త్‌బౌండ్ బిగినింగ్స్ పేరుతో వెలువడింది 2015లో.

మిగతావాటి గురించి క్లుప్తంగా చెబుతాను. చైనా మూడు రాజ్యాల గాథ ఆధారంగా క్యాప్‌కామ్ తెచ్చిన డెస్టినీ ఆఫ్ యాన్ ఎంపరర్‌లో సేనాపతుల ప్రాణశక్తి వారి సైనికుల సంఖ్యే, నడిచేకొద్దీ ఆహార నిల్వ తరిగిపోతుంది, ఓడిన శత్రు సేనాపతులను జట్టులోకి తీసుకోవచ్చు. రాజకీయం, యుద్ధం ఇష్టపడేవారికి ఇది మంచి ఎంపిక. అదే సంస్థ 1989లో తెచ్చిన స్వీట్ హోమ్ భయంగొలిపే భవనంలో చిక్కుకున్న అయిదుగురి కథ, అందులో చనిపోయినవారు మళ్ళీ రారు. ఫైనల్ ఫాంటసీ రెండవ భాగంలో లెవెళ్ళే లేవు, ఏది ఎక్కువ వాడితే అది పెరుగుతుంది. ఆలోచన మంచిదే కానీ ఆచరణలో సొంత జట్టువారినే కొట్టుకుని బలం పెంచుకునే పరిస్థితి వచ్చింది, అందుకే దాన్ని చివరికి ఉంచమంటాను. మూడవ భాగం వృత్తులు మార్చుకోవడంలో అద్భుతం, కానీ పాత రూపంలో చివరి సుదీర్ఘ గుహలో ఎక్కడా సేవ్ లేదు. వంతులవారీ పోరాటమే నచ్చనివారికి, కత్తి నేరుగా తిప్పాలనుకునేవారికి ఎస్‌ఎన్‌కే వారి 1990 నాటి క్రిస్టాలిస్ ఉంది.

పాత క్యాసెట్టా, కొత్త రూపమా?

ఏ ఆట అన్నది తేలాక, ఏ రూపంలో ఆడాలన్నది కూడా అంతే ముఖ్యం. కొత్త రూపాలు చాలావరకు బొమ్మలను మెరుగుపరచడంతో ఆగవు, పైన చెప్పిన ఆ ‘పని’నే మారుస్తాయి. 2021లో కంప్యూటర్, ఫోన్‌లకు వచ్చిన ఫైనల్ ఫాంటసీ పిక్సెల్ రీమాస్టర్‌లో శత్రువు పడిపోతే దెబ్బ తరువాతి శత్రువు మీదికి మళ్ళుతుంది, మందులు ఒకేసారి కావలసినన్ని కొనవచ్చు. 2023లో కన్సోళ్ళకు, అంటే టీవీ గేమ్ యంత్రాలకు, వచ్చిన రూపంలో శత్రువులు ఎదురుకాకుండా ఆపేసే సదుపాయం, అనుభవాన్ని రెట్టింపు చేసే సదుపాయం కూడా ఉన్నాయి. కథ, సంగీతం కోసం ఆడేవారికి ఇవి వరాలు. లెక్కల కోసమే ఫైనల్ ఫాంటసీని ఎంచుకున్నవారు మాత్రం ఆ సదుపాయాలను ముట్టుకోకపోవడం మంచిది, ఎందుకంటే చిత్తడి గుహలోని ఉత్కంఠ అంతా ఆ లెక్కల్లోనే ఉంది. ఫైనల్ ఫాంటసీ మూడవ భాగానికి మాత్రం నేను నిస్సంకోచంగా కొత్త రూపాన్నే సూచిస్తాను.

ఫాంటసీ స్టార్ విషయంలో నింటెండో వారి స్విచ్ యంత్రం మీద వచ్చిన సెగా ఏజెస్ రూపం నా దృష్టిలో ఆదర్శప్రాయమైన పునర్ముద్రణ. పాత ఆటను అక్షరం మార్చకుండా ఆడే వీలు ఉంచుతూనే, కోరినవారికి గుహల పటం తెర మీదే దానంతటది గీసుకుపోయే పద్ధతిని, పోరాటాలు తగ్గించే పద్ధతిని కలిపారు. పెన్సిలు ఇష్టమున్నవారూ లేనివారూ ఇద్దరూ దీన్నే తీసుకోవచ్చు.

డ్రాగన్ క్వెస్ట్ మొదటి మూడు భాగాలు ఫోన్లలో చాలాకాలంగా దొరుకుతున్నాయి, 2019లో స్విచ్‌కు కూడా వచ్చాయి. మన దేశంలో ఉన్నవారికి ఫోన్ రూపమే సులభమైన దారి, మొదటి భాగం ఒక చేత్తో పట్టుకుని ఆడటానికి బాగా నప్పుతుంది. 2024 నవంబరులో మూడవ భాగం, 2025 అక్టోబరులో మొదటి రెండు భాగాలు కలిపి పూర్తిగా కొత్త హంగులతో మళ్ళీ విడుదలయ్యాయి. మూడవ భాగానికి ఆ కొత్త రూపం బాగా అమరింది, పెద్ద తెర ఉన్నవారు దాన్నే తీసుకోవచ్చు. మొదటి భాగంలో మాత్రం ఒంటరి వీరుడి మీదికి ఒకేసారి పలువురు శత్రువులు వస్తారు, కథను పెంచారు, దాంతో అది దాదాపు వేరే ఆట అయింది. 1986 నాటి నిరాడంబరత కోసం వెతికేవారు ఫోన్ రూపం దగ్గర ఆగడం మేలు. మదర్‌కు కొత్త రూపం లేదు. స్విచ్ ఆన్‌లైన్ చందా ఉన్నవారికి 2022 నుంచి పాత ఆటే అందుబాటులో ఉంది, అందులో ఎక్కడ కావాలంటే అక్కడ ఆటను నిలిపి ఉంచుకునే సదుపాయం ఆ చివరి కొండ మీద ఎంతో ఆదుకుంటుంది.

అసలు క్యాసెట్‌నే కొని ఆడాలనుకునేవారు డబ్బు చెల్లించేముందు లోపలి బ్యాటరీ సంగతి అడగాలి. ముప్పై అయిదేళ్ళ నాటి ఆ నాణెం ఆకారపు బ్యాటరీ అయిపోయి ఉంటే, ఆట మామూలుగానే నడుస్తుంది కానీ యంత్రం ఆపగానే సేవ్ చేసినదంతా పోతుంది. టంకం పెట్టడం తెలిసిన ఏ ఎలక్ట్రానిక్స్ మరమ్మతు దుకాణంలోనైనా దాన్ని మార్పించవచ్చు, అయితే మార్చినప్పుడు పాత సేవ్‌లు చెరిగిపోతాయని ముందే తెలుసుకోవాలి. జపాన్‌లో వచ్చిన డ్రాగన్ క్వెస్ట్ మొదటి భాగానికి ఈ బెంగ లేదు, దానిలో బ్యాటరీ బదులు ఇరవై అక్షరాల జపనీస్ పాస్‌వర్డ్ రాసుకోవాలి. రెండవ భాగంలో అది యాభై రెండు అక్షరాల దాకా వెళ్తుంది, ఒక్కటి తప్పు రాసుకున్నా ఆట తెరుచుకోదు. అమెరికా క్యాసెట్లతో ఆడేవారు ఆట ముగించేటప్పుడు రీసెట్ బటన్‌ను నొక్కిపట్టి ఉంచి, అప్పుడు పవర్ బటన్ ఆపాలి, ఆ తరువాతే రీసెట్ మీద నుంచి వేలు తీయాలి. అలా చేయకుండా నేరుగా ఆపితే, యంత్రం ఆగే ఆ క్షణంలో సేవ్ చెడిపోయే ప్రమాదం ఉంది.